గీతలు లేని రోడ్డు మీద

బెజవాడ బందరు రోడ్డు మీద స్కూటరు నడపడం వేరు, ఊరు దాటి కాలువకట్ట ఎక్కడం వేరు. కట్టల మీద చాలాచోట్ల గీతలుండవు, బోర్డులుండవు. ఒకపక్క కాలువ, రెండోపక్క పల్లపు చేలు. మరి మన దారి ఏదో తెలిసేదెలా?

ముందు రోడ్డు వెడల్పు కంటితో కొలవండి. రెండు వరుసల రోడ్డు సుమారు 7 మీటర్లుంటుంది. దాని నడుమ మనసులోనే ఒక గీత గీసుకుని, ఎడమ సగంలో సాగండి. కోతల రోజుల్లో సగం మేర ధాన్యం ఆరబోశారా, అదీ ఒంటి వరుసే అయిపోతుంది.

ఒంటి వరుస రోడ్డు 3.75 మీటర్లు. ఎదురొచ్చే బస్సు వెడల్పే సుమారు రెండున్నర మీటర్లు! ఇక మిగిలేది మీటరుంబావు. అందులోనే మన బండీ పట్టాలి, బస్సుకీ మనకీ ఎడమూ ఉండాలి. అక్కడ “సగం నాది” అనుకోకండి. బస్సు దూరాన ఉండగానే, మార్జిన్ గట్టిగా ఉన్నచోట ఆగిపోండి. వానకు నానిన నల్లమట్టిలోకి మాత్రం దిగొద్దు, జారుతుంది.

రాత్రిపూట ఒంటి దీపం కనిపిస్తే మోటారుసైకిలే అనుకోకండి. ఒక దీపం ఆరిన లారీ కావచ్చు.

రెండు నిమిషాలు ఆగితే ఏమవుతుందమ్మా? ఇంట్లో కూర చల్లారుతుంది, అంతేగా!