ఇంటి ప్లానులో వాలుదారి

ఇల్లు కట్టదలచినవాడు ప్లాను కాగితము చేతబట్టుకొని పంచాయతీ కార్యాలయమునకు వచ్చును. స్థలపు హద్దులు, వీధివైపు విడువవలసిన ఖాళీ, రుసుము చెల్లించిన రసీదు చూచి అనుమతి నిచ్చుట మనకు అలవాటైన పని. ఆ ఇంటిలోనికి నడువలేనివారు ఎట్లు ప్రవేశింతురు అను ప్రశ్న మాత్రము సామాన్యముగా ఎవరును వేయరు. ఆ ప్రశ్నకు తగిన సమయము అదియే. కాగితముపై గీత మార్చుటకు ఖర్చు లేదు. కట్టిన మెట్లు పగులగొట్టుటకు కలదు.

విశాఖపట్నము చుట్టుప్రక్కల గ్రామములలో ఈ విషయమునకు ప్రత్యేక ప్రాధాన్యము కలదు. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము వేలకొలది కార్మికులను ఈ ప్రాంతమునకు రప్పించినవి. యౌవనమున పనిలో చేరినవారు నేడు వృద్ధులైనారు. పదవీ విరమణ సొమ్ముతో సమీప గ్రామములలో ఇండ్లు కట్టుకొన్నవారును వారిలో కలరు.

అట్టి పెద్దమనిషి నొకరిని మేము కలిసికొంటిమి. ఆయన ఇంటి నేల వీధికంటె మూడడుగుల ఎత్తున ఉన్నది. ఇల్లు కట్టిన మూడేండ్లకు పక్షవాతము వచ్చి కుడికాలు పడిపోయినది. ఆసుపత్రికి పోవలెనన్న ఇద్దరు మనుష్యులు ఆయనను కుర్చీతో సహా దింపవలెను. ఆ ఇద్దరును దొరకని దినమున ప్రయాణము ఆగిపోవును. "బేస్‌మట్టం ఎత్తు పెంచమని మేస్త్రికి నేనే చెప్పాను బాబూ. రోడ్డు వేసినప్పుడల్లా లేస్తోంది గదా, వాన నీళ్ళు ఇంట్లోకి వచ్చేస్తాయని భయం" అని ఆయన మాతో చెప్పినారు.

ఆ భయము నిరాధారము కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమును తాకిన నాటి సంగతి ఇచ్చటివారు మరువలేదు. దానికి తోడు పాత సిమెంటు రోడ్డును తవ్వకుండ దానిపైననే క్రొత్త పొర పరచుట పలుచోట్ల జరుగుచున్నది. వీధి లేచును, దానిని చూచి ఇంటివారు బేసుమట్టము పెంచుదురు, మెట్లు పెరుగును. ఇందులో పంచాయతీలకును పాలు కలదని చెప్పక తప్పదు. కాలువ సరిగా తీసి, రోడ్డు మట్టమును పెరుగనీయకుండ చూచిన గ్రామమున ఒకటి రెండు మెట్లతోనే ఇల్లు కట్టుకొనవచ్చును.

ఇక చట్టము మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19 నుండి అమలులోనికి వచ్చినది. పూర్వము 1995 చట్టమున ఏడు విధములైన వైకల్యములు మాత్రమే ఉండగా ఇందులో ఇరువదియొక్కటి గుర్తింపబడినవి. ఇందలి 44వ సెక్షను పంచాయతీ సభ్యులు ముఖ్యముగా తెలిసికొనదగినది. నిర్ణీత ప్రమాణములను పాటింపని ప్లానుతో ఏ సంస్థకును భవన నిర్మాణానుమతి ఈయరాదనియు, కట్టిన పిమ్మట పూర్తి ధ్రువపత్రము కూడ ఈయరాదనియు అది శాసించుచున్నది. సంస్థ యనగా ప్రభుత్వ కార్యాలయమే కాదు. ప్రైవేటు సంస్థలును అందు చేరును. అప్పటికే ఉన్న ప్రజాభవనములను సరిచేయుటకు 45వ సెక్షను ఐదేండ్లు గడువు విధించినది. నిబంధనలు 2017 జూనులో వెలువడినవి గనుక ఆ ఐదేండ్లు 2022 నాటికే నిండినవి.

నిబంధనలలోని ప్రమాణములు సలహాలవలె ఉన్నవే గాని నిర్బంధముగా లేవని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, తప్పనిసరిగా పాటింపవలసిన ప్రమాణములను వేరుచేసి ప్రకటింపుమని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది. ఆ న్యాయస్థానమునకు నివేదిక సమర్పించినది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమునకు చెందిన కేంద్రము.

ప్రైవేటు నివాసగృహమును 44వ సెక్షను నిర్బంధింపదు. అచ్చట నచ్చజెప్పుట, ప్రోత్సహించుట మాత్రమే మార్గము. ఇతర దేశములలో ఇది కొంత సాగినది. జపానులో 1994 నాటి చట్టము, ప్రమాణముల ప్రకారము కట్టిన భవనములలో వెడల్పు నడవలకును పెద్ద మరుగుదొడ్లకును పట్టిన అదనపు స్థలమును వైశాల్య పరిమితి లెక్కనుండి మినహాయించు వీలు కల్పించినది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రమందలి మాంట్‌గొమెరీ కౌంటీ ఇట్టి ఇండ్లకు ఆస్తిపన్నులో రాయితీ నిచ్చు పథకము పెట్టినది. మన రాష్ట్రమున 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలలో పర్యావరణహిత భవనములకు అనుమతి రుసుము తగ్గింపు చేర్చబడినది. అదే తీరున వాలుదారి గల ఇంటికిని ఏల ఈయరాదు? రుసుముల సంగతి ప్రభుత్వ నిబంధనలతో ముడివడినది గనుక పంచాయతీ తీర్మానము చేసి పైకి పంపవలసి యుండును. అంతవరకు అట్టి ప్లానులను ముందుగా పరిశీలించి, జాప్యము లేకుండ తేల్చుట మన చేతిలోని పని. ఇల్లు కట్టువానికి కాలమును ధనమే గదా.

కొలతలు మేస్త్రికి తెలిసియుండుట మేలు. ర్యాంపు అని వాడుకలో నున్న వాలుదారి ఒక అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవు ఉండవలెను. రెండడుగుల బేసుమట్టమునకు ఇరువదినాలుగు అడుగులు కావలెను. ముంగిట అంత చోటు లేనిచో ఇంటి ప్రక్కగా మలుపు త్రిప్పవచ్చును. మలుపు వద్ద ఐదడుగుల చదరపు చదును విడిచిన చక్రాల కుర్చీ తిరుగును. రెండువైపుల పట్టుకొన కమ్మీలు వేయవలెను. పైన నునుపు టైల్సు పరచక గరుకు సిమెంటు పూయుట మంచిది. మరుగుదొడ్డి వాకిలి రెండున్నర అడుగులతో సరిపెట్టుట మన మేస్త్రీల అలవాటు. దారబంధము పోగా మూడడుగుల ఖాళీ మిగులునట్లు ఉంచవలెను, తలుపు వెలుపలికి తెరచుకొనవలెను. గడపకు పసుపు పూసి బొట్టు పెట్టు సంప్రదాయము మనది. గడప ఎత్తు అరంగుళమునకు తగ్గినంత మాత్రమున ఆ మర్యాదకు లోపము రాదు.

ఇచ్చట నొక మాట చెప్పవలెను. పల్లెలలో ఇండ్లముందు వాలు లేకపోలేదు. మోటారు సైకిలు ఎక్కించుటకు మెట్లప్రక్క నిట్టనిలువుగా సిమెంటు పోయించుచున్నారు. బండి గేరులో ఎక్కును గాని, ముసలితల్లి దానిపై అడుగు వేసిన జారిపడును. ఓడరేవులో బరువులు చక్రములపై నడుచు చోట ఎవరును మెట్లు కట్టరు. బండికి తోచినది మనిషికి ఏల తోచలేదో మాకు బోధపడదు.

పరులకు చెప్పుటకు ముందు మన కార్యాలయము సంగతి చూచుకొనవలెను. ఒక గ్రామమున పంచాయతీ భవనమునకు చక్కని వాలుదారి కలదు. దాని పైకొనన పూలకుండీలు వరుసగా పెట్టి, ప్రక్క తలుపునకు తాళము వేసియున్నారు. మరియొకచోట పోలింగు దినమున చెక్కపలకలు వేసి, మరునాడు తీసివేసినారట. రేషను దుకాణము, అంగన్‌వాడీ, పాఠశాల, గ్రామ సచివాలయము, వీనిలో వేనికి సరియైన వాలుదారి కలదో, వేనికి లేదో తదుపరి సమావేశమునకు ముందే కార్యదర్శిని, ఇంజనీరింగు సహాయకుని వెంటబెట్టుకొని టేపుతో కొలిపించి, ఆ అంకెలను సమావేశమున చదివించవలెను.