మన తరువాత వారికెవరు?

"నాకంటే ఒక్కరోజు ముందు వాణ్ణి తీసుకుపో స్వామీ అని రోజూ దణ్ణం పెట్టుకుంటానమ్మా!" అన్నదొక తల్లి నాతో. ఆమెకి డెబ్భై రెండేళ్ళు. కొడుక్కి నలభై నాలుగు. వాడికి అన్నం కలిపి పెట్టాలి, చొక్కా బొత్తాలు పెట్టాలి. కన్నతల్లి నోట అలాంటి మాట వచ్చిందంటే తప్పు ఆమెది కాదు. ఆమె తరువాత ఆ బిడ్డని ఎవరు చూస్తారో చెప్పలేని మనందరిదీను.

పూర్వం బుద్ధిమాంద్యం అనేవాళ్ళం. ఇప్పుడు మేధోవైకల్యం అంటున్నాం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ కూడా తన పాత పేరు మార్చుకుంది. ఇది పిచ్చి కాదు, మందుతో నయమయ్యే జబ్బూ కాదు. నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం, రోజువారీ పనులు చక్కబెట్టుకోవడం చిన్ననాటి నుంచీ నెమ్మదిగా సాగే స్థితి. ఇలాంటి పిల్లలకి బడులున్నాయని మనలో చాలామందికి తెలుసు. పిల్లలు పెద్దవాళ్ళవుతారన్న సంగతే మరచిపోతాం. చదువు చెప్పే బడి పద్ధెనిమిదేళ్ళతో అయిపోతుంది. బతుకు మాత్రం ఇంకా నలభై, యాభై ఏళ్ళు మిగిలే ఉంటుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అత్తగారు పోయాక మా ఆడపడుచు బాధ్యత మా మీద పడింది. అప్పటికి ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. స్నానం తానే చేస్తుంది. బియ్యంలో రాళ్ళు నాకంటే బాగా ఏరుతుంది. డబ్బు లెక్క మాత్రం తెలియదు, ఒంటరిగా వీధి దాటలేదు. మావి బదిలీల ఉద్యోగాలు. వెతికి వెతికి ఒక వసతి గృహంలో చేర్పించాం. నేల అద్దంలా ఉంది, ముందు పూలతోట ఉంది. చూసి సంతోషించి వచ్చేశాం.

మూడోసారి చూడబోయినప్పుడు ఆమె ఒంటిమీద వదులు జాకెట్టు కనిపించింది. "ఎవరిదమ్మా ఇది?" అన్నాను. మాట్లాడలేదు. అక్కడ ఉతికిన బట్టలన్నీ ఒక కుప్ప పోసి, చేతికందినది తొడిగిస్తారట. సాయంత్రం అయిదున్నరకే రాత్రి భోజనం, ఎందుకంటే వంటమనిషి ఆరింటికి వెళ్ళిపోవాలి. తెల్లవారగానే కాఫీ లేనిదే మొహం విప్పని మనిషి కాఫీ అడగడమే మానేసింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆమె అన్న మనిషి అక్కడ లేకుండా పోయింది. ఆ రోజే తీసుకొచ్చేశాం.

ఆ తరువాత నేను నేర్చుకున్న మొదటి పాఠం: సంరక్షణలో మంచిచెడ్డలు గోడలు చూస్తే తెలియవు, రోజు ఎలా గడుస్తోందో చూస్తేనే తెలుస్తాయి. స్వీడన్ దేశంలో బెంగ్ట్ నిర్యే అనే ఆయన 1969లోనే ఈ సంగతి వ్రాశాడు. ఊళ్ళో నలుగురికీ ఒక దినచర్య, వారానికొక మార్పు, ఏడాదికి కొన్ని పండగలు ఎలా ఉంటాయో మేధోవైకల్యం ఉన్నవారికీ అలాగే ఉండాలన్నాడు. ఆ ఆలోచనల్లోంచే పెద్ద పెద్ద ఆశ్రమాలకు బదులు చిన్న ఇళ్ళు వచ్చాయి. మామూలు వీధిలో మామూలు ఇల్లు, నలుగురైదుగురు మనుషులు, వాళ్ళకి ఎంత సాయం కావాలో అంతే చేసే సహాయకులు. చేయగలిగిన పనిని వాళ్ళ చేత చేయనివ్వాలి, చేయలేనిదానికి చెయ్యి అందించాలి. అదీ సంగతి.

అయితే ఇల్లు చిన్నదైనంత మాత్రాన మంచిదైపోదు. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరి దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. మేధోవైకల్యం ఉన్నవారి కోసమే నడిచేది, ఉన్నవారూ కొద్దిమందే. 2011లో బీబీసీ విలేఖరి రహస్యంగా చిత్రీకరిస్తే అక్కడి సిబ్బంది రోగుల్ని కొట్టడం, ఏడిపించడం లోకానికి తెలిసింది. 2012లో పదకొండుమందికి శిక్షలు పడ్డాయి. తనిఖీలూ చట్టాలూ ఉన్న దేశంలోనే అలా జరిగింది. కనుక మన కళ్ళు మనం తెరుచుకునే ఉండాలి.

మీరొక ఇల్లు చూడబోతే ఏం చూడాలి? ముందుగా చెప్పి వెళ్ళండి, మరోసారి చెప్పకుండా వెళ్ళండి. రానివ్వకపోతే అదే జవాబు. ఎవరి బట్టలు వాళ్ళకున్నాయా, తాళం వేసుకునే అలమరా ఉందా చూడండి. "కాఫీయా, టీయా?" అని అడిగేవారున్నారా? ఆదివారం కూర ఏం వండాలో వాళ్ళని అడుగుతున్నారా? ఇవి చిన్న విషయాలే కానీ మనకి ఇంట్లో మర్యాద దొరికేది వీటిలోనే కాదూ! సహాయకులు ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారో కనుక్కోండి. నెలనెలా కొత్త మొహాలైతే మాట రాని మనిషి మనసు తెలుసుకునేదెవరు? స్త్రీలకి స్నానం చేయించేది స్త్రీలేనా, రాత్రిపూట ఎవరుంటారు, ఈ రెండూ మొహమాటపడకుండా అడగండి.

ఆరోగ్యం సంగతి ఇంకా ముఖ్యం. పన్ను నొప్పి అని చెప్పలేని మనిషి తల గోడకేసి కొట్టుకుంటుంది. చెవిపోటు అని చెప్పలేనివాడు అన్నం పళ్ళెం విసిరికొడతాడు. "వాళ్ళంతే, మొండి" అనేవారి దగ్గర వదలకండి. "ఎక్కడ నొప్పో చూద్దాం" అనేవారే కావాలి. డౌన్స్ సిండ్రోమ్ ఉన్నవారికి థైరాయిడ్ లోపం, వినికిడి తగ్గడం, కంటి శుక్లాలు మామూలుకంటే ఎక్కువ. మతిమరుపు జబ్బు కూడా ఇతరులకంటే ముందే రావచ్చు. ఏటేటా పరీక్ష చేయించాలి. మూర్ఛ మాత్రలు వేళకి వేసినట్టు పుస్తకంలో వ్రాస్తున్నారేమో చూడండి. అల్లరి చేస్తున్నారని మత్తుమాత్రలు ఇవ్వడం ఎక్కడైనా ఉన్న చెడ్డ అలవాటే. దాన్ని మాన్పించడానికి ఇంగ్లండులో 2016లో ప్రత్యేకంగా ఉద్యమమే మొదలుపెట్టవలసి వచ్చింది. ఏ మాత్ర ఎందుకిస్తున్నారో, ఎన్నాళ్ళివ్వాలో డాక్టరుగారిని అడిగే హక్కు మీకుంది.

ఆడపిల్లల విషయం ఒకటి చెప్పక తప్పదు. 1994లో పుణేలో, ప్రభుత్వ గృహంలో ఉన్న స్త్రీలకు బహిష్టు శుభ్రత చేసుకోలేరన్న కారణంతో గర్భసంచులు తీసేశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. 2009లో చండీగఢ్ ప్రభుత్వ గృహంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన యువతి కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆమెకున్నది మేధోవైకల్యమే అయినా, ఆమె ఇష్టం లేకుండా గర్భస్రావం చేయించరాదని కోర్టు తీర్పు చెప్పింది. "దానికేం తెలుసు" అని ఆమె తరఫున మనమే అన్నీ తేల్చెయ్యకూడదని ఆ తీర్పు మనకి నేర్పుతోంది. నెలసరి శుభ్రత ఓపికగా నేర్పితే చాలామంది నేర్చుకుంటారు. మా ఆడపడుచుకి మా అత్తగారు బొమ్మలు గీసి చూపించి నేర్పారు.

ఇక చట్టం. పిల్లలకి పద్ధెనిమిదేళ్ళు నిండాక తల్లిదండ్రులు కూడా తమంతట తామే చట్టప్రకారం సంరక్షకులు కారు. ఇది తెలియక బ్యాంకు దగ్గర ఇబ్బంది పడే తల్లులెందరో! 1999 జాతీయ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి వర్తిస్తుంది. దాని ప్రకారం కలెక్టరుగారు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే సంరక్షకుల్ని నియమిస్తారు. సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క చెప్పాలి. అశ్రద్ధ చేసినా, ఆస్తి కాజేసినా తొలగించవచ్చు. ఆ ట్రస్టుదే నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల దాకా వస్తుంది. పెద్దవారి నివాసం కోసం ఘరౌందా అనే పథకం కూడా పెట్టారు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. వైకల్యం ఉన్నవారికి నలుగురి మధ్యా బతికే హక్కుందని, ఫలానా చోటే ఉండి తీరాలని బలవంతం చేయరాదని అన్నది. వైకల్యం ఉన్నవారి కోసం సంస్థ నడపాలంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు ఉండాలి. అది చూపించమని అడగండి. హింస జరిగిందని తెలిస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి ఫిర్యాదు చేయవచ్చు. చట్టం కాగితమ్మీదే ఉంటుంది, దాన్ని కదిలించేది మనం పెట్టే అర్జీయే.

అన్నిటికంటే ముఖ్యం, మనం ఉండగానే మొదలుపెట్టడం. తల్లి పోయిన పదోరోజున బిడ్డని తెలియని ఇంట్లో దింపి వస్తే ఆ బిడ్డకి తల్లీ పోతుంది, ఇల్లూ పోతుంది. ముందు ఒక పూట, తరువాత ఒక రాత్రి, ఆపైన వారం, అలా అలవాటు చేయండి. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ కూర ఇష్టం, ఏ చప్పుడుకి భయం, నొప్పి వస్తే ఏం చేస్తాడు, ఏ మాట అంటే నవ్వుతాడు, అన్నీ వ్రాయండి. మీ మనసులో ఉన్నది మీతోనే పోకూడదు. అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో ఇప్పుడే మాట్లాడండి. "ఎవరో ఒకరు చూస్తారులే" అంటే ఎవరూ చూడరు.

మా ఆడపడుచు ఇప్పుడు ఒక చిన్న ఇంట్లో మరో నలుగురు ఆడవాళ్ళతో ఉంటోంది. ఇద్దరు ఆయాలున్నారు. ఆ ఇంట్లోనూ లోపాలున్నాయి. ఒకసారి మాత్ర మరచిపోయారు, మేం గట్టిగా అడిగాక పుస్తకం పెట్టారు. అందుకే నెలకి రెండుసార్లు వెళ్తాం. ఎవరో ఒకరు వస్తూపోతూ ఉండే ఇంట్లో మనుషులు జాగ్రత్తగా ఉంటారు. ఈమధ్య వెళ్ళినప్పుడు సందు చివరి కొట్టునుంచి ఆయాతో కలిసి కరివేపాకు తెస్తూ ఎదురొచ్చింది. తన జాకెట్టే తొడుక్కుంది. తిరిగి బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "వదినా, మా ఇంటికి మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది.

మా ఇల్లు అంది! ఆ మాట వింటే మా అత్తగారు నిశ్చింతగా ఉండేవారు. అలాంటి ఇల్లు ఊరికొకటైనా ఉన్న రోజున, ఆ డెబ్భై రెండేళ్ళ తల్లి దేవుణ్ణి ఇంకేదైనా మంచి కోరిక కోరుకుంటుంది.