వాస్తువిద్య గోరు బాలిక ముందేమి చదువవలయును?



మా సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయమును 1208వ సంవత్సరమున రేచర్ల బేతిరెడ్డి భార్యయగు ఎరకసానమ్మ కట్టించెను. ఆ రాతి స్తంభములను జూచినప్పుడెల్ల, కట్టడమునకు రూపము గీయు స్త్రీ మన యిండ్లనుండి యెన్నడు వెలువడునా యని తలచుచుందును.

గడచిన వేసవిలో మిర్యాలగూడనుండి నా యాడుబిడ్డ కుమార్తెతో వచ్చెను. ఆ పిల్ల గణితము, భౌతిక, రసాయన శాస్త్రములతో ఇంటర్మీడియట్టు ముగించినది. "అత్తయ్యా, ముందు ఊరిలోనే డిగ్రీ చదివి, పిదప ఎం.ఆర్క్. చదివెదను" అనెను. తల్లికి నదియే యిష్టము. పిల్ల మూడేండ్లు కనుల యెదుట నుండును గదా!

నా గుండె ఝల్లుమనెను. కోదాడలో మా బంధువుల యమ్మాయి యొకతె యిట్లే యడుగగా, "డిగ్రీ యేదైన నేమి?" యని పలికినదానను నేనే. ఆమె సివిలు ఇంజనీరింగు ముగించిన తరువాత గాని ఆ ద్వారము మూసియున్నదని మాకు దెలియలేదు. సివిలు చదివినవారికి నగర ప్రణాళికా విద్యయగు ఎం.ప్లాన్. కలదు గనుక దానియందు చేరెను. కాని యామె కోరినది యది కాదు.

మన దేశమున ఎం.ఆర్క్.కు ముందు బి.ఆర్క్. తప్పదు. అది యైదేండ్ల చదువు. గణితము, భౌతికశాస్త్రము చదివి, నాటా యను పరీక్షగాని, జె.ఇ.ఇ. మెయిన్ రెండవ పత్రముగాని వ్రాయవలయును. 1972 నాటి చట్టము ననుసరించి కౌన్సిలులో పేరు నమోదు కానివారు ఆర్కిటెక్టు అను పేరు పెట్టుకొనరాదు. ఈ విద్యకు హైదరాబాదున జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయపు వాస్తు కళాశాలయు, విజయవాడలో 2008లో నెలకొన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చరును గలవు.

అమెరికాలో మాత్రము వేరు పద్ధతి. అచ్చట చరిత్ర, గణితము, చిత్రలేఖనము మున్నగు నే డిగ్రీ చదివినవారికైనను సుమారు మూడేండ్ల ఎం.ఆర్క్. చదువు గలదు. అయితే తాము గీచిన చిత్రముల సంపుటమును జూపవలయును, వ్యయమును మిక్కుటము. తిరిగి వచ్చి యిచ్చట వృత్తి చేయదలచువారు ఆ పట్టము మన కౌన్సిలు గుర్తించునో లేదో ముందే విచారించుకొనుట మేలు.

ఇదంతయు విని నా యాడుబిడ్డ, "ఐదేండ్లు పట్నమున నొంటిగా నెట్లుండును, వదినా?" యని కంట తడిపెట్టెను. ఆ భయము నాకును దెలియును. కాని తల్లి భయమునకై మూడేండ్లు వ్యర్థమైన, వానిని బిడ్డకు మరల నెవ్వరిత్తురు? కావున, తల్లులారా, పదవ తరగతి నాడే బిడ్డ మనసు నడిగి, దారి విచారింపుడు.

ఆమె యింకను సమ్మతింపలేదు. కాని యూరికి బోవుచు, బజారులో బిడ్డకొక బొమ్మల పుస్తకమును, పెన్సిళ్లను కొనియిచ్చెను.