సిరొంచ రోడ్ల మీద పండగ పరుగు

గడ్చిరోలి జిల్లాలో పోలీసు కొలువు కోసం కష్టపడుతున్న ఏ కుర్రాడిని అడిగినా ఒక లెక్క తడుముకోకుండా చెబుతాడు. 1600 మీటర్లు, 5 నిమిషాల 10 సెకన్లు. ఆలోగా పూర్తిచేస్తే మహారాష్ట్ర పోలీసు భర్తీలో ఆ పరుగుకున్న 20 మార్కులూ అతనివే. అమ్మాయిలకైతే 800 మీటర్లు, 2 నిమిషాల 50 సెకన్లు. ప్రాణహిత దాటి చెన్నూరు వైపు వస్తే దూరాలు అవే, గడువులు వేరు. 2022 నియామకాల్లో తెలంగాణ అబ్బాయిలకు 7 నిమిషాల 15 సెకన్లు, అమ్మాయిలకు 5 నిమిషాల 20 సెకన్లు అర్హతగా పెట్టింది.

ఈ సరిహద్దు పల్లెల్లో పరుగు అనగానే ముందు గుర్తొచ్చేది ఇదే. చీకటితో లేవడం, లారీలు మొదలుకాక ముందే రోడ్డెక్కడం, సెల్‌ఫోన్‌లో టైం చూసుకుని నిట్టూర్చడమో సంబరపడటమో. ఇది బతుకుదెరువు కోసం పరుగు. దీనికి చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు.

చప్పట్లు ఉండే పరుగు ఇంకొకటుంది. సెలవు రోజున, పండగ పూట, గెలిచినా ఓడినా నవ్వుకుంటూ ఇంటికొచ్చే పరుగు. మన బడుల్లో ఆగస్టు 15కీ జనవరి 26కీ జెండా ఎగరేశాక జరిగే పోటీలతోనే ఇది అందరికీ పరిచయం. నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని నడక, గోనెసంచిలో గెంతులు, టీచర్ల మధ్య కుర్చీలాట. ఆ సరదానే గ్రౌండు దాటించి ఊరి రోడ్డు మీదకు తెస్తే అది 2కె రన్ అవుతుంది. తెలంగాణలో ఈ మాట తెలియని మండల కేంద్రం లేదు. స్వతంత్ర భారత వజ్రోత్సవాల్లో భాగంగా 2022 ఆగస్టు 11న ఊరూరా ఫ్రీడం రన్ చేశారు. రాష్ట్ర అవతరణ దశాబ్ది ఉత్సవాల్లో 2023 జూన్ 12ను తెలంగాణ రన్‌కు కేటాయించారు. దేశమంతటా 2014 నుంచి అక్టోబరు 31న, సర్దార్ పటేల్ జయంతి నాడు, ఐక్యతా పరుగు జరుగుతోంది.

పండగను పరుగుతో కలపడం ఎక్కడెక్కడి జనానికో తోచిన ఆలోచన. అమెరికాలోని బఫెలో నగరంలో 1896లో థాంక్స్‌గివింగ్ రోజున వైఎంసీఏ వాళ్లు 8 కిలోమీటర్ల పరుగు పెడితే బయల్దేరింది ఆరుగురు, చివరిదాకా వచ్చింది నలుగురు. ఆ పోటీ నేటికీ ఆగలేదు, ఇప్పుడు పది వేలకు పైగా జనం వస్తారు. వాళ్లలో చాలామంది మధ్యాహ్నం కుటుంబ భోజనానికి ముందు ఆకలి పెంచుకోవడానికి వచ్చేవాళ్లే, వింత వేషాలు కట్టేవాళ్లూ ఉంటారు. బోస్టన్ మారథాన్ 1897లో పుట్టింది, అదీ అక్కడి పేట్రియట్స్ డే సెలవు నాడే. బ్రెజిల్‌లోని సావోపాలోలో 1925 నుంచి డిసెంబరు 31న పరుగెత్తుతున్నారు. దాన్ని మొదలుపెట్టిన కాస్పర్ లిబెరో ఒక పత్రికా యజమాని. మొదట్లో అది కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టే అర్ధరాత్రి పరుగు.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అట్లాంటాలో జులై 4 అంటే పీచ్‌ట్రీ రోడ్ రేస్. 1970లో 110 మందితో మొదలైన ఆ 10 కిలోమీటర్ల పరుగులో ఇప్పుడు యాభై, అరవై వేల మంది పాల్గొంటున్నారు. పూర్తిచేసినవాళ్లకు ఇచ్చే టీషర్టు ఆ ఊళ్లో పతకంతో సమానం.

ఇన్ని చోట్లా కనిపించే సంగతి ఒకటుంది. ముందు వరుసలో పదిమందో ఇరవైమందో నిజంగా పోటీ పడతారు. వాళ్ల వెనుక వచ్చే వేల మందికి గడియారంతో పనిలేదు. రోజూ వాహనాలకు ఒదిగి అంచున నడిచే మనిషికి ఆ ఒక్క పూట రోడ్డు మధ్యలో నడిచే హక్కు దొరుకుతుంది. పండగ పరుగుకు అసలు ఆకర్షణ అదేనని అనిపిస్తుంది. ఆ మాట గడ్చిరోలి జిల్లాలోని సిరొంచకు వర్తించినంతగా మరే ఊరికీ వర్తించదు.

ఎందుకంటే ఇక్కడ రోడ్డు అనేది ఆలస్యంగా, కష్టంగా వచ్చిన వస్తువు. సిరొంచ ప్రాణహిత ఒడ్డున, ఆ నది గోదావరిలో కలిసే చోటుకు దగ్గరగా ఉంది. ఎదుటి గట్టున కాళేశ్వరం. బ్రిటిష్ వాళ్లు 1860లో ఎగువ గోదావరి జిల్లాను ఏర్పాటు చేసి దానికి సిరొంచను కేంద్రంగా పెట్టారు. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీకి పోగా, సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. చాందా తర్వాత చంద్రపూర్ అయింది, 1982 ఆగస్టు 26న అందులోంచి గడ్చిరోలి విడిపోయింది. ఇన్ని మార్పుల్లోనూ సిరొంచ ఇళ్లలో తెలుగు మారలేదు. కచేరీలో మరాఠీ, బజారులో తెలుగు, అడవి వైపు వెళ్తే గోండీ, మాడియా. జిల్లా కేంద్రమేమో 200 కిలోమీటర్లకు పైగా దూరం. చుట్టాలూ సంబంధాలూ నది అవతల. ఆ నదిని ఎన్నో తరాలు నాటు పడవల్లోనే దాటాయి. ప్రాణహిత మీద అర్జునగుట్ట వైపు, గోదావరి మీద కాళేశ్వరం వైపు, ఇంద్రావతి మీద పాతగూడెం దగ్గర వంతెనలు వచ్చాకే మూడు రాష్ట్రాల మధ్య రాకపోకలు రోజువారీ పని అయ్యాయి.

వంతెనలు లేకపోవడం ఒక కష్టమైతే, రోడ్డంటే భయం ఇంకో కష్టం. 1980లో పీపుల్స్ వార్ దళాలు ప్రాణహిత దాటి ఈ తాలూకాలోకి వచ్చాయి. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు గడ్చిరోలి అడవిలో రోడ్డు వేయడమే యుద్ధంలో భాగమైంది. రోడ్డు పనుల యంత్రాలు తగలబడ్డాయి, కల్వర్టుల కింద మందుపాతరలు పెట్టారు, మధ్యలో గూడేల జనం ఇరువైపుల అనుమానాలకూ నలిగారు. 2019 మే 1న, మహారాష్ట్ర దినోత్సవం సెలవు రోజునే, కుర్ఖేడా ప్రాంతంలోని జాంబుల్‌ఖేడా దగ్గర మందుపాతర పేలి 15 మంది పోలీసులు, వాళ్లను తీసుకెళ్తున్న డ్రైవరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2025 జనవరి 1న గర్దేవాడ ప్రాంతానికి ప్రభుత్వ బస్సు నడిచింది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్లకు ఆ పల్లెలు చూసిన మొదటి బస్సు అది. అలాంటి జిల్లాలో తెల్లవారుజామున వేలమంది పిల్లలు నడిరోడ్డు మీద కేకలేసుకుంటూ పరుగెత్తడం చిన్న విషయం కాదు.

ఆ దృశ్యం గడ్చిరోలి పట్టణం చూసింది. జిల్లా పోలీసులు అక్కడ మహా మారథాన్ నిర్వహిస్తూ వచ్చారు. పేరు మారథానే అయినా, వచ్చేవాళ్లలో చాలామంది చిన్న దూరాలు పరుగెత్తే విద్యార్థులు, ఆదివాసీ యువత. బిర్సా ముండా పేరిట వాలీబాల్, 1857-58లో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన గోండు వీరుడు బాబూరావ్ శేడ్మాకే పేరిట కబడ్డీ పోటీలూ పోలీసులే పెడుతుంటారు. పొరుగున ఛత్తీస్‌గఢ్‌లోనూ ఇదే బాట. నారాయణపూర్ నుంచి బాసింగ్ దాకా అబూజ్‌మాడ్ శాంతి పరుగు 21 కిలోమీటర్లు సాగుతుంది. 2024లో బస్తర్ ఒలింపిక్స్ మొదలయ్యాయి.

వీటిని పోలీసుల ప్రచారమని కొట్టిపారేయడం తేలిక. ప్రచారం ఉన్నమాట నిజమే. కానీ అడవి పల్లె నుంచి మొదటిసారి జిల్లా కేంద్రానికి వచ్చి, ఛాతీ మీద నంబరు అంటించుకుని పరుగెత్తే అమ్మాయికి ఆ రోజు దక్కిన సంతోషం ఎవరి ప్రచారానికీ చెందదు. అసలు లోటు మరోచోట ఉంది. పరుగు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పేరిట అన్నది పైనుంచే తేలుతోంది. అధికారి బదిలీ అయితే పరుగూ ఆగిపోవచ్చు. బఫెలోలో, సావోపాలోలో పోటీలు వందేళ్లు నిలిచాయంటే ఊరు వాటిని తనవిగా చేసుకుంది కాబట్టే. పైగా గడ్చిరోలిలో ఉదయం ఆరు గంటలకు పరుగెత్తాలంటే సిరొంచ పిల్లలు ముందురోజే బస్సెక్కి రాత్రి అక్కడే ఉండాలి. చిన్న పిల్లలున్న తల్లీ, అరవై దాటిన తాతా ఆ పని చేయరు. వాళ్లు లేని పరుగులో పండగ సగమే.

కాబట్టి సిరొంచకు తన పరుగు తనకు ఉండాలి. దానికి దారి కూడా సిద్ధంగా ఉంది. సిరొంచ నుంచి గోదావరి వంతెన మీదుగా కాళేశ్వరం వైపు. మహారాష్ట్రలో మొదలై తెలంగాణలో ముగిసే పరుగు, రెండు చివర్లా ఒకే భాషలో కేకలు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు ఈ రెండు గట్లూ పన్నెండు రోజులపాటు లక్షల మందిని సంభాళించాయి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు గడ్చిరోలి, బస్తర్ పల్లెల నుంచి జనం గోదావరి దాటి వెళ్తూనే ఉన్నారు. జనం కలిసి కదలడం, పోలీసులు రాష్ట్రాల హద్దు దాటి మాట్లాడుకోవడం ఇక్కడ కొత్త కాదు. ఒక్క ఆదివారం ఉదయం రెండు గంటలు వంతెన మీద వాహనాలు ఆపితే చాలు.

రోజును మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి. మే 1 మహారాష్ట్ర దినోత్సవం, జూన్ 2 తెలంగాణ అవతరణ దినోత్సవం మనసుకు బాగుంటాయి కానీ ఒంటికి బాగుండవు. ఆ నెలల్లో ఇక్కడి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, పొద్దున్నే వేడి మొదలవుతుంది. ఆగస్టు 15కు వాన, వరద. మిగిలేది చలికాలం. నవంబరు 15 బిర్సా ముండా జయంతి ఒక మంచి రోజు. అంతకంటే మంచిది జనవరి 12కు దగ్గరి ఆదివారం. మహారాష్ట్రలో అది రాజమాత జిజావు జయంతి, దేశానికి వివేకానందుడి జయంతి, యువజన దినోత్సవం. తెలంగాణ బడులకు సంక్రాంతి సెలవులు వచ్చేదీ అప్పుడే.

ఖర్చు పెద్దగా ఉండదు. నగరాల మారథాన్‌లలా రుసుము పెడితే కూలి ఇంటి పిల్లలు రారు, అందుకే ప్రవేశం ఉచితంగా ఉండాలి. రెండు కిలోమీటర్లకో చోట నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక అంబులెన్సు, చివర్లో అరటిపండ్లు, ఉప్మా. బూట్లు లేనివాళ్లు ఒట్టి కాళ్లతో వస్తారు కనుక ముందురోజు దారి ఊడ్చి గాజుపెంకులు ఏరాలి. పోలీసు భర్తీకి తయారయ్యే కుర్రాళ్లకు 10 కిలోమీటర్లు వేరుగా పెట్టి, వాళ్లను ముందు వదలాలి, లేకపోతే వేగంగా వచ్చేవాళ్లు చిన్నపిల్లలను తోసేస్తారు. మిగతావాళ్లకు 2 కిలోమీటర్లు చాలు, నడిచినా సరే. జెండా ఊపడానికి నాయకుణ్ని పిలిస్తే ఆయన వచ్చేదాకా పిల్లలు ఎండలో నిలబడాలి. ఆ పని ఊళ్లో పెద్ద వయసు పడవ సరంగు ఎవరైనా ఉంటే ఆయనకు అప్పగించవచ్చు, సరిగ్గా ఆరున్నరకు.