అడవి అంచున కాపురం

ఇల్లు కొనదలచిన కుటుంబం మొదట ధర అడుగుతుంది. తరువాత గదులెన్ని, నీళ్లున్నాయా, తూర్పు ముఖమా అని విచారిస్తుంది. గుమ్మం దాటిన తరువాత ఎవరున్నారు, ఏమున్నది అన్న ప్రశ్న మాత్రం గృహప్రవేశం అయ్యేదాకా ఎవరికీ గుర్తుకు రాదు. మనిషికి సౌఖ్యాన్నిచ్చే విషయాలను పేర్కొన్నప్పుడు దైవప్రవక్త (స) విశాలమైన ఇంటి సరసనే మంచి పొరుగును, అనువైన వాహనాన్నీ చేర్చి చెప్పినట్లు హదీసుల వల్ల తెలుస్తున్నది. ఇల్లు, పొరుగు, ప్రయాణం. పట్టణాల శివార్లలో స్థలం కొనదలచిన ప్రతి కుటుంబమూ నేడు ఎదుర్కొంటున్న ప్రశ్నలు ఈ మూడే.

కర్నూలు, నంద్యాల, కడప పట్టణాల చుట్టూ పొలాలు ప్లాట్లుగా మారుతున్నాయి. అద్దె భారం మోయలేనివారు, పిల్లలకు కాస్త ఆరుబయలు కావాలనుకునేవారు, కుక్కనో పిల్లినో పెంచుకోవాలని ముచ్చటపడేవారు శివార్ల వైపు చూస్తున్నారు. వారికోసం ఈ వ్యాసం వ్రాయదలచినప్పుడు, ఆ పట్టణాల శివార్లను విడిచి నల్లమల నడుమనున్న ఒక శివారును మేము ఎంచుకున్నాము. శ్రీశైలం క్షేత్రానికి సుమారు పదమూడు కిలోమీటర్ల దూరాన ఉన్న సున్నిపెంట అది. ఇతర శివార్లలో చాటున ఉండిపోయే ప్రశ్నలు అక్కడ ఎదురుగా వచ్చి నిలబడతాయి.

పెంట నుండి కాలనీ దాకా

'పెంట' అనగానే మైదానపు వారికి చెత్తకుప్ప గుర్తుకు వస్తుంది. నల్లమలలో దాని అర్థం వేరు. అక్కడ చెంచుల ఆవాసాన్ని పెంట అంటారు. బంధువులైన కొన్ని కుటుంబాలు, కొద్దిపాటి గుడిసెలు, చేరువలో నీరు. అంతే. కృష్ణకు ఆవలి గట్టున ఉన్న ఈగలపెంట, దోమలపెంట కూడా ఈ కోవకు చెందిన పేర్లే. అంటే ఈ నేలమీద మొదటి గృహస్థులు చెంచులు. ఈ మాట మరచిపోకుండా ముందుకు సాగుదాము.

1963లో నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు, పన్నెండు గేట్లు గల ఆ ఆనకట్ట పూర్తి కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అన్నేళ్లు పనిచేసే ఇంజనీర్లకు, మేస్త్రీలకు, కూలీలకు నివాసం కావాలి గనుక కుడిగట్టున కాలనీ వెలసింది. క్వార్టర్లు వచ్చాయి, బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, బజారు పెరిగింది. 2001 జనగణన నాటికి ఆ టౌన్‌షిప్ జనాభా ఇరవై మూడు వేలు దాటింది. ఆనకట్ట పని ముగిసినా ఊరు ముగియలేదు. కొందరు బదిలీలపై వెళ్లిపోయారు. ఇక్కడే పిల్లల్ని కని, పెంచి, పెండ్లిండ్లు చేసినవారు ఉండిపోయారు. వారిలో పలువురికి నేడు కొండమీది సత్రాలు, హోటళ్లు, దుకాణాలు, వాహనాలే జీవనాధారం. పగలు పైకి, రాత్రి క్రిందికి. ప్రాజెక్టు కాలనీగా పుట్టిన ఊరు ఈ విధంగా శ్రీశైలానికి శివారుగా మారింది.

ఇల్లు ఎవరిది? నేల ఎవరిది?

ఆనకట్ట పనిలో యౌవనమంతా గడిపిన ఒక పెద్దాయన ఇంటి వరండాలో మేము కొంతసేపు కూర్చున్నాము. రేకుల కప్పు, ముందు వేపచెట్టు, ప్రక్కన మేకల దొడ్డి. "ఇల్లు బాగుంది పెద్దాయనా, సొంతమేనా?" అని అడిగాము. ఆయన నవ్వి, "గోడలు నేను కట్టుకున్నవే నాయనా. నేల మాత్రం ప్రాజెక్టుది. ఇన్నేండ్లూ ఎవరూ లెమ్మనలేదు, ఉండమనీ రాసియ్యలేదు. పిల్లలు అప్పు తెచ్చి మేడ వేస్తామంటారు. కాగితం లేనిదే బ్యాంకోడు ఎట్లిస్తాడు?" అన్నారు.

ఇందులో ఒక గృహస్థుని జీవితకాలపు చింత ఇమిడి ఉంది. ఒకచోట ఉండటం వేరు, ఆ చోటు తనది కావడం వేరు. కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదు, ఓటరు కార్డు అన్నీ ఆ ఇంటి చిరునామాతో ఉండవచ్చు. వాటిలో ఏదీ యాజమాన్య పత్రం కాదు.

ఈ ప్రాజెక్టు చరిత్రలోనే ఇంతకంటె బరువైన పాఠం మరొకటి ఉంది. జలాశయం నిండటానికి కృష్ణా, తుంగభద్రల తీరాన దాదాపు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. లక్షమంది వరకు నిర్వాసితులయ్యారు. వారి ఇండ్లకు పత్రాలున్నాయి, తాతముత్తాతల సాక్ష్యం ఉంది. అయినా 1981లో ఆ ఇండ్లను విడిచి రాక తప్పలేదు. నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగమంటూ 1986లో ప్రభుత్వం 98వ నంబరు జీవో వెలువరించింది. దాని అమలు కోసం తండ్రుల తరువాత కొడుకులు కూడా కార్యాలయాల చుట్టూ తిరిగారు. సొంత ఇల్లు అన్న మాటను తేలికగా వాడేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. కొందరి వెలుగు కోసం మరికొందరి పొయ్యి చల్లారింది. ఏ స్థలాన్నయినా కొనేముందు, ఇది మొదట ఎవరిది, వారు దీన్ని ఎట్లా వదులుకున్నారు అని విచారించడం చట్టం కోసమే కాదు, మన సంపాదన ధర్మసమ్మతం కావడానికి కూడా అవసరం.

కనుక శివారులో స్థలం కొనేవారు బయానా ఇవ్వకముందే కొన్ని పనులు చేయాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఈసీ తీసుకోవాలి. లింకు దస్తావేజులను వరుసగా చదివించాలి. ఆ సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షను క్రింద ఉన్నదేమో చూడాలి. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూమి అయితే 1977 నాటి చట్టం దాని బదిలీని కట్టడి చేస్తుంది. 'డి-పట్టా భూమి, తక్కువలో వస్తుంది' అన్నవాని మాటకు లొంగితే పేదవాని హక్కునూ, మన సొమ్మునూ రెంటినీ పోగొట్టినట్లే. అయిదు వందల చదరపు మీటర్లకు మించిన లేఅవుటుకు 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదు ఉండాలి. అడవి, వాగు, చెరువు అంచున ఉన్న స్థలమైతే హద్దులను సర్వేయరు చేత కొలిపించాలి. అడవిశాఖ రాయికి అవతల కట్టిన గోడ ఎన్నేళ్లకైనా పరాయిదే.

దారికీ ఒక హక్కు ఉంది

శ్రీశైలం వెళ్లే దారి పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. దోర్నాల నుండి కొండకు దాదాపు యాభై కిలోమీటర్లు. ఈ దారిలో రాత్రి తొమ్మిది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు రాకపోకలను నిలిపివేస్తారు. చెక్‌పోస్టు గేటు పడిందంటే తెల్లవారేదాకా ఆగవలసిందే. యాత్రికునికి అది ఒక రాత్రి ఇబ్బంది. సున్నిపెంట వాసికి అది జీవిత నియమం. పెండ్లి పిలుపు వచ్చినా, కర్నూలులో పని తెమలకపోయినా, ఆయన గడియారం వైపు చూస్తూనే ఉండాలి. పెద్ద వైద్యం అవసరమైతే మార్కాపురమో, నంద్యాలో, కర్నూలో చేరాలి.

ఈ కట్టడి ఎందుకు? నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోకి వచ్చింది. దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణంలో అతి పెద్దదిగా దీనికి పేరు. చిరుత, ఎలుగు, దుప్పి, కణితి రాత్రిపూట దారి దాటుతాయి. దీపాల వెలుగుకు కళ్లు చెదిరి నిలిచిపోయిన జంతువు చక్రాల క్రింద పడుతుంది. కాబట్టి పగలు మనకు, రాత్రి వాటికి అని దారిని పంచారు. దారిలోని ముల్లును తొలగించడం కూడా దానమేనని నేర్పిన ధర్మం మనది. అడవి దారిలో తొలగించవలసిన ముల్లు కొన్నిసార్లు మన వాహనమే.

పట్టణ శివారులో గేటు ఉండదు, కాని లెక్క ఉంటుంది. పనిచోటు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరమనుకుందాము. రాకపోకలకు రోజుకు యాభై, నెలకు ఇరవై అయిదు పనిదినాలకు 1,250 కిలోమీటర్లు. లీటరుకు యాభై కిలోమీటర్లిచ్చే మోటారు సైకిలుకు ఇరవై అయిదు లీటర్ల పెట్రోలు. రోజుకు గంటన్నర చొప్పున నెలకు ముప్పై ఏడున్నర గంటలు, అంటే నాలుగున్నర పనిదినాలకు పైగా దారిలోనే గడుస్తాయి. శివారులో మిగిలిన అద్దె సొమ్ము నుండి ఈ రెండింటినీ తీసివేసి చూడాలి. కొనేముందు ఒక వారంపాటు ఉదయం, సాయంకాలం ఆ దారిన ప్రయాణించి చూడటం మంచిది. చివరి బస్సు ఎప్పుడు, అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే ఎటు వెళ్లాలి, ఇషా నమాజుకు ఇల్లు చేరగలమా అన్నవి ఇంటి గృహిణి తప్పక అడగవలసిన ప్రశ్నలు.

కుక్క, చిరుత, పసిబిడ్డ

సాయంకాలం కాగానే పెద్దాయన కోడలు మేకలను లోపలికి తోలి తలుపు గడియ వేసింది. ఆరుబయట ఆడుతున్న మనుమణ్ణి పేరు పెట్టి పిలిచింది. వాడితోపాటు ఒక గోధుమరంగు కుక్క కూడా పరుగున వచ్చి గడప ప్రక్కన పడుకొన్నది. "చీకటి పడినాక దీన్ని కట్టెయ్యం, లోపలికి తోలేస్తాం" అన్నారు పెద్దాయన. "గొలుసుతో కట్టిన కుక్క చిరుతకు పెట్టిన విస్తరి లెక్క."

ఆ మాటలోని నిజం శాస్త్రజ్ఞుల పరిశీలనలోనూ తేలింది. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో పంటపొలాల నడుమ తిరిగే చిరుతలపై జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. ఆ చిరుతల ఆహారంలో బరువు లెక్కన దాదాపు 39 శాతం కుక్కలేనని అందులో తేలింది. అంటే చిరుత ఊళ్లోకి మనిషికోసం రాదు, కుక్కకోసం వస్తుంది. కుక్క చెత్తకుప్ప కోసం వస్తుంది. చెత్తకుప్ప మన వంటింటి నుండి వస్తుంది. యాత్రికులు పారవేసిన ఎంగిలి విస్తళ్లు, మాంసపు దుకాణాల వ్యర్థాలు, వీధి చివరి కుప్ప ఇవన్నీ చిరుతకు దారి చూపే గుర్తులే. చిరుత వచ్చిందని అటవీశాఖను నిందించేముందు మన వీధి శుభ్రతను చూసుకోవాలి.

కీడు ఒకవైపు నుండే రాదు. టీకాలు లేని కుక్కల ద్వారా డిస్టెంపర్ అనే వ్యాధి అడవి జంతువులకు సోకగలదు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు వాటిలో కొన్నింటి మృతికి ఆ వైరస్ కారణమని తేలింది. అడవి అంచున కుక్కను పెంచేవారు దానికి రేబీస్ టీకాతోపాటు ఈ వ్యాధికీ టీకా వేయించి, ఏటా పశువైద్యునికి చూపించడం తప్పనిసరి. కుక్క కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, పారే నీటితో కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసరు పూయడం, కారం చల్లడం ప్రాణాంతకమైన ఆలస్యానికి దారితీస్తాయి.

చెంచులు తరతరాలుగా కుక్కలను పెంచుతున్నారు. వారి కుక్క యజమాని వెంట అడవికి వెళ్తుంది, అతనికి పని చేస్తుంది, అతని వెంటే ఇల్లు చేరుతుంది. మన కాలనీల్లో జరిగేది వేరు. ముచ్చటకు కూనను తెస్తారు, పెరిగాక భారమై వీధిలో వదిలేస్తారు. కుక్క పెంపకం విషయంలో మన ధర్మం మధ్యేమార్గం చూపింది. వేటకు, మందకు, పంటకు కావలిగా పెంచవచ్చు. వట్టి ముచ్చటకు ఇంట్లో పెంచటాన్ని హదీసులు నిరుత్సాహపరిచాయి. అట్లని దాన్ని హింసించమని ఎక్కడా చెప్పలేదు. దప్పికగొన్న కుక్కకు బావినీళ్లు తోడి త్రాగించిన మనిషిని దైవం మన్నించాడు. పిల్లిని కట్టివేసి మాడ్చిన స్త్రీ శిక్షకు గురైంది. ఈ రెండు వృత్తాంతాలూ మన పిల్లలకు కంఠస్థమే. ఇక పిల్లిని ఇంట తిరిగేదానిగా ప్రవక్త (స) ఆదరించారు. పెంచదలచినవారు ఈ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దానికి తిండి, టీకా జీవితాంతం ఇవ్వగలమా? అది మొరిగితే, గీరితే పొరుగువారికి బాధ కలుగదా? మనం ఊరెళ్తే దాన్ని ఎవరు చూస్తారు?

ఇంటికంటె ముందు పొరుగు

ఇంటికంటె ముందు పొరుగును చూసుకోమని అరబ్బుల సామెత. పొరుగు అనగానే ప్రక్కింటి మనిషే మన మనసులో మెదులుతాడు. సున్నిపెంటలో ఆ మాట ఇంకా విశాలమై కనిపించింది. నేలను ముందుగా ఏలుకున్న చెంచు పొరుగు. నీటి అడుగున ఇల్లు వదిలిన నిర్వాసితుడు పొరుగు. రాత్రి దారి దాటే దుప్పి పొరుగు. మన ఎంగిలి వాసన పట్టి వచ్చే చిరుత కూడా పొరుగే. తన కీడు నుండి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేని మనిషి విశ్వాసం సంపూర్ణం కాదన్న ప్రవక్త బోధ వీరందరి విషయంలోనూ మనల్ని నిలదీస్తుంది.

మేము సెలవు తీసుకునే వేళకు గేటు పడటానికి ఇంకా మూడు గంటలుంది. "దోర్నాల దాటేదాకా ఎక్కడా ఆగొద్దు నాయనా, తొందరపడి తోలొద్దు" అని పెద్దాయన హెచ్చరించారు. పట్టా వస్తుందన్న ఆశ ఉందా అని అడగబోయి ఆగిపోయాము. ఆయనే అన్నారు: "నేను ఉన్నన్నాళ్లూ ఈ వేపచెట్టు కింద ఎవరినీ లెమ్మనలేదు. నన్నూ ఎవరూ లెమ్మనకుండా చూడమని ఆ పైవాణ్ణి అడుగుతా."

ఇల్లున్నవారు ఆ ప్రార్థనకు ఆమీన్ అనాలి. ఇల్లు కొనబోయేవారు ఆ మాటను తమ దస్తావేజుల సంచిలో ముందుగా పెట్టుకోవాలి.