గది గల పడవయా, గది లేని పడవయా?

యానాము గౌతమీ తీరమున నున్న పట్టణము. ఇచ్చట పడవ అనేక కుటుంబములకు జీవనాధారము. పండుగనాడు అదియే విహారసాధనము. కావున చిన్న గది గల పడవ నొకదానిని కొని, వేటకును కుటుంబమునకును వాడుకొందమను తలంపు కలుగుట సహజము. అయితే ఈ రెండు పనులు కోరు గుణములు వేరువేరు.

వేటకు పోవు పడవలో వలను పరచుటకును, లాగుటకును చోటు కావలెను. గది యున్నచో ఆ చోటు తగ్గును. కెరటముల మీదుగా ఒడ్డునకు చేర్చి ఇసుకపైకి లాగవలసిన పడవ తేలికగా నుండవలెను. మన పెద్దలు దుంగలను కట్టి చేసిన తెప్ప ఇందులకే పుట్టినది. పైకి వచ్చిన నీరు దుంగల సందులనుండి జారిపోవును. నేటి ఫైబరు పడవ చివుకదు గాని, బీటలు పడినచో నీరు పట్టును. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యంత్రపు పడవలకు సముద్రపు వేట నిషిద్ధము. ఆ 61 దినములలో పడవ అడుగును పరీక్షించుకొనుట మేలు.

కుటుంబముతో నదిలో పోవువారికి గది ఎండవానలనుండి రక్షణ నిచ్చును. కాని దానివలన బరువు పైకి చేరును. గాలి దానిని తెరచాపవలె నెట్టును. పిల్లలు పైకప్పు నెక్కినచో పడవ ఒరుగుట మరింత సులభమగును. పడవ బోల్తాపడినచో లోపలివారు చిక్కుకొందురు. కావున గది ఎత్తు తక్కువగా నుండవలెను; బయటకు వచ్చుటకు రెండు దారు లుండవలెను. అడుగు వెడల్పుగానున్న పడవ నిశ్చలమైన నీటిలో నిలకడగా నుండును. కాని పాటునీరు ఎదురుగాలితో పెనగులాడు మొగ వద్ద, అణియము కోసుగానున్న పడవయే కెరటమును చీల్చుకొని పోగలదు.

యంత్రము విషయమున గూడ ఆలోచింపవలెను. వెలుపల తగిలించు యంత్రమును మేటలవద్ద పైకెత్తవచ్చును. లోపల బిగించినది బరువును క్రిందనుంచి నిలకడ నిచ్చును గాని, దాని మర ఇసుకలో చిక్కుకొనవచ్చును.

కొనుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. లోతులేని చోట, ఎక్కదలచిన వారందరిని ఎక్కించి, ఒక ప్రక్కకు జరుగుమని చెప్పుడు. అప్పుడు అంచునకును నీటికిని నడుమ జానెడు ఎడమైనను మిగులనిచో ఆ పడవ మీది కాదు.

2018 జులై 14న, మనకు సమీపముననున్న పశువుల్లంక వద్ద నాటు పడవ యొకటి, కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడినది. గల్లంతైనవారిలో బడిపిల్లలు ఉండిరి. దానిని మరువరాదు. ఏ పడవ కొన్నను, ఎక్కువారందరికి తేలుడు చొక్కాలు కొనుడు. పిల్లలకు వారి కొలతవే కొనుడు. గదికి పెట్టు రూకలు చాలనిచో గదిని మానుకొనవచ్చును, చొక్కాలను మానుకొనరాదు.