జీబ్రా ప్లెకో: షింగూ నది చారల చేప
బ్రెజిల్‌లోని షింగూ నది పెద్ద మలుపు దగ్గర మాత్రమే సహజంగా జీవించే జీబ్రా ప్లెకో, ఒంటిపై ఎముక పలకల కవచం ఉండి, నోటితో రాళ్లను పట్టుకునే చిన్న క్యాట్‌ఫిష్. 1991లో శాస్త్రీయ నామం పొందిన ఈ నలుపు తెలుపు చారల అరుదైన జీవికి బెలో మోంటే ఆనకట్ట పెనుముప్పు కావడం ఎంతో బాధాకరం. ఇది నాచు తిని బతుకుతుందనుకోవడం పొరపాటు, దీనికి ఎర్రపురుగుల వంటి మాంసాహారం ముఖ్యం. 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కనుక, దీన్ని పెంచే తొట్టెలో నీరు బలంగా పారుతూ, శుభ్రంగా ఉండాలి. ఒక్క చేప పట్టేంత ఇరుకైన మట్టి గొట్టంలో మగచేప, రెక్కలతో గుడ్లకు తాజా నీరు విసురుతూ, పిల్లలు కడుపుకింది సొనసంచిని పూర్తిగా హరించుకునేదాకా కాపలా కాస్తుంది. నదిలో పట్టిన ఈ చేపల ఎగుమతిని బ్రెజిల్ నిషేధించింది కనుక, తొట్టెలో పుట్టిన పిల్లలనే కొనాలి.